పసుపు కారులో పక్కసీటు

ఆ ఏడు మిరప మొదటి కోత మొదలైన మూడో రోజున మా ఆయన గుంటూరు నుంచి కారు తెచ్చాడు. ట్రాక్టరుకి టైర్లు తెస్తానని వెళ్ళిన మనిషి, బ్రాడీపేటలో ఒక డాక్టరుగారి షెడ్డులో ఏళ్ళ తరబడి దుమ్ము కొట్టుకుపోయిన బండిని కొని, తోముకుని, దాంట్లో కూర్చుని వచ్చాడు. రెండే తలుపులు, రెండే సీట్లు. పైన కప్పు లేదు. ఎత్తు నా నడుం దాకా కూడా లేదు. ఒకప్పుడు పసుపు రంగట, ఇప్పుడు ఎండకి వెలిసిపోయి ఏ రంగో చెప్పడానికి కాస్త ఆలోచించాల్సి వస్తుంది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అలాంటి దాన్ని స్పోర్ట్స్ కారంటారని మా ఆయన చెబితేనే మాకు తెలిసింది.

మా ఆయన పేరు వీరాంజనేయులు. నలభై ఏడేళ్ళు. నాలుగెకరాల మిరప, రెండెకరాల పత్తి. ఇలాంటి మనిషికి స్పోర్ట్స్ కారు ఎందుకని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను, మీకంటే గట్టిగానే అడిగాను.

"పాలిటెక్నిక్‌లో ఉన్నప్పుడు ఆ డాక్టరుగారూ ఆయన భార్యా దీంట్లో పోతుంటే చూసేవాణ్ణి బిందూ," అన్నాడు. "ఆమె ఏందో చెప్తా ఉండేది. ఆయన నవ్వుతా ఉండేవాడు. అంతే."

"అంతేనా?"

"అంతే."

మా ఇంట్లో మాటలు తక్కువ. ఉన్నవి కూడా మందు కొట్టారా, కూలీలు వచ్చారా, కరెంటు ఉందా అన్నంతవరకే. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన నాతో బయటపెట్టిన మొదటి కోరిక అదేనని అప్పుడు నాకు తట్టలేదు.

ఊరు మాత్రం ఊరుకుంటుందా? టీ కొట్టు దగ్గర బండి ఆగీ ఆగకముందే చుట్టూ మూగారు.

"ఒరేయ్ అంజిగా, టాపు ఎక్కడ పారేసుకొచ్చావురా?"

"మిగతా సగం రేపు లారీలో వస్తదంటలే."

"ఎన్ని టిక్కీలు పడతయ్ మామా?"

టిక్కీ అంటే మిరపకాయల బస్తా. మా వైపు ఏ బండి విలువైనా దానితోనే కొలుస్తారు. ఒక్కటి కూడా పట్టదని ఆయన చెప్పాడట. మరి దేనికిరా అని అడిగితే నవ్వాడట. ఇంటికొచ్చేసరికి ఆ నవ్వు ఇంకా మొహం మీదే మిగిలి ఉంది, చూస్తే జాలేసింది. కానీ ఎడమ వైపు తలుపు తీసి పట్టుకుని, "రా బిందూ, పర్చూరు దాకా ఒక్క రౌండు," అనేసరికి ఆ జాలి కాస్తా ఎగిరిపోయింది.

"ఆ తొట్టిలోనా? నలుగురూ నవ్వుతుంటే నేను కూడా కూర్చోవాలా? మీరు తిరగండి, నన్ను లాగొద్దు."

ఇంకో రెండు సార్లు అడిగాడు. నేను రెండు సార్లూ అదే మాట అన్నాను. ఆ తర్వాత ఇక అడగలేదు.

* * *

వారం తిరక్కుండానే బండికి అన్నీ మొదలయ్యాయి. ఒక టైరు పేలింది. నీళ్ళ గొట్టం చిట్లింది. చీమకుర్తి వైపు వెళితే గ్రానైటు లారీ చక్రం కింద నుంచి రాయి ఎగిరొచ్చి ముందు అద్దం బీటలు వారింది. మెకానిక్ పీరు పర్చూరు నుంచి వచ్చి ఇంజను అంతా వెతికాడు.

"బండిలో తప్పేం లేదన్నా. ఊరు ఊరంతా దీన్నే చూస్తుంటే పాపం ఇదేం చేస్తది?"

అరుగు మీద రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న మా అత్తగారు గురవమ్మ ఆ మాట పట్టుకుంది. "చేనుకి పెట్టినట్టే దీనికీ పెట్టాలి," అంది.

మా మిరప చేలో రోడ్డు పక్కన దిష్టిబొమ్మ ఉంటుంది. మీరు చూసే ఉంటారు, కట్టెలకి గడ్డి చుట్టి, కుండ బోర్లించి సున్నం బొట్లు పెట్టి, పాత బట్టలు కడతారు. దారినపోయే వాడి చూపు ముందు దాని మీద పడాలి. పడిన చూపు అక్కడే ఆగిపోవాలి. చూపుల్ని తన మీదకి లాక్కోవడమే దాని పని. మా అత్తగారి పుట్టింటి పద్ధతిలో దీనికి ఇంకో నియమం కూడా ఉంది. బొమ్మకి కట్టే బట్ట ఇంట్లో మనిషిదే అయి ఉండాలి, కానీ కట్టేముందు చీరైతే కొంగు, చొక్కా అయితే చెయ్యి చించి పొయ్యిలో వెయ్యాలి. ఇక ఇది మనిషిది కాదు అని మూడుసార్లు అనాలి. చించని బట్ట కడితే ఏమవుతుందని పెళ్ళైన కొత్తలో అడిగాను. "ఎవరూ అంత తెలివితక్కువ పని చెయ్యరు," అని కసిరింది.

కారు కోసం కట్టే కొత్త బొమ్మకి నా చీరే తియ్యమంది. ఆకుపచ్చది, మెరూన్ అంచు. చీర నడుమ ఒకటి రెండు చోట్ల చిరిగింది గానీ కొంగు మాత్రం కొత్తదానిలా ఉంది. నేను చించలేదు. ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను. ఒక ఏడాది వాడుకుని, తీసి ఉతికి, ఆ కొంగుతో బొంతకి అంచు వేద్దామనుకున్నాను. పాత గుడ్డపీలిక ఒకటి పొయ్యిలో వేసి, కొంగు మడిచి బొమ్మ నడుము దగ్గర లోపలికి దోపేశాను. అత్తగారు పెరట్లో ఉంది, చూడలేదు.

బొమ్మని కారులో పక్కసీట్లో కూర్చోబెట్టారు. కదలకుండా పీరు బెల్టు కూడా పెట్టాడు. మా ఆయన దాన్ని తియ్యకుండానే తిరిగాడు. "ఖాళీగా ఉండేదానికంటే నయం కదా," అన్నాడు, నా వైపు చూడకుండా. ఊరికి ఇంకో పండగ దొరికింది. అంజిగాడి రెండో పెళ్ళాం అని పేరు పెట్టారు. నేనూ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. బండికి ఏదో ఒకటి అవడం మాత్రం ఆగిపోయింది.

ఎనిమిదో రోజున సీటు స్ప్రింగు బాగు చెయ్యాలని పీరు బొమ్మని తీసి, మా చేను గట్టు మీద పాతేశాడు. అక్కడితో అయిపోవాలి.

* * *

ఎలీసమ్మ మా చేలో కోతకొచ్చే ముఠాకి పెద్ద. ఆమె నోటికి భయపడని రైతు మా ఊళ్ళో లేడు. ఆమే మొదట అంది.

"ఏందమ్మా, పొద్దున్నే షికారుకి పోయారు అయ్యగారూ నువ్వూ! మమ్మల్ని చూసి చెయ్యూపావు గదా, బలే ఉన్నావులే."

"నేనెక్కడికి పోయాను? పొద్దున్నుంచి టిఫిన్లు వండుతున్నాను."

"మాకు కళ్ళు లేవా? ఆకుపచ్చ చీర. నవ్వుతా ఉన్నావు."

వెనక ఉన్న నలుగురు ఆడవాళ్ళూ తలూపారు. బొమ్మ అప్పటికి రెండు రోజులుగా గట్టు మీదే ఉంది.

మూడో రోజున గుంటూరు హాస్టల్ నుంచి మా అమ్మాయి భవ్య ఫోన్. "అమ్మా, నాన్న స్టేటస్‌లో నీ ఫోటో ఎంత బాగుందో! నువ్వు అలా నవ్వడం నేనెప్పుడూ చూళ్ళేదే. మా రూమ్‌లో అందరూ మీ అమ్మ హీరోయిన్‌లా ఉందంటున్నారు."

ఫోన్ పెట్టేసి మా ఆయన స్టేటస్ తీసి చూశాను. కారులో కూర్చుని తనే తీసుకున్న ఫోటో. ఆయన సగం మొహం, వెనక మిరప చేలు, పక్కన సీటు. సీట్లో ఎవరూ లేరు. వేళ్ళతో పెద్దది చేసి మరీ చూశాను. బెల్టు మాత్రం పెట్టి ఉంది. ఖాళీ సీటుకి అది వదులుగా వేలాడాలి కదా. వేలాడటం లేదు. ఒంటికి బిగిసినట్టు ముందుకు వంగి ఉంది.

అప్పటికి నాకు భయం కంటే కోపమే ఎక్కువ. ఎవతో ఒకతె నా లాంటి చీరే కొనుక్కుని ఆ సీట్లో కూర్చుంటోందని తేల్చుకున్నాను. ఫోటో సంగతి మనసులోంచి నెట్టేశాను. మర్నాడు పదకొండింటికి, కారు వచ్చే వేళ చూసుకుని రోడ్డు పక్క తూము మీద కూర్చున్నాను. చేతిలో చెప్పు కూడా సిద్ధంగా ఉంది.

కారు వచ్చింది. మెల్లగా వచ్చింది. మా ఆయన ఒక్కడే ఉన్నాడు. పక్కసీటు వైపు కాస్త వంగి ఏదో వింటున్నాడు, ఊఁ కొడుతున్నాడు. నా ముందు నుంచి వెళ్తూ తల వెనక్కి వేసి నవ్వాడు. ఇరవై ఏళ్ళలో నేను వినని నవ్వు అది. తూము మీద ఆయన భార్య కూర్చుని ఉంది, రెండు బారల దూరంలో. ఆయన చూపు నా మీద పడి, ఆగకుండా, తుమ్మచెట్టు మీదకి వెళ్ళిపోయింది.

ఆ సీట్లో మనిషి ఉండి ఉంటే బాగుండేది. మనిషైతే జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. ఖాళీ సీటుతో ఎట్లా పోట్లాడతారు ఎవరైనా?

* * *

తర్వాత రోజులు ఎలా గడిచాయో వరసగా చెప్పలేను. ఎండ ముదిరింది. కల్లం నిండా కాయ ఆరబోసి ఉంది, కంటికి ఆనినంత మేరా ఎరుపే. గాలి వీస్తే తుమ్ములు. నేను పనులన్నీ చేస్తూనే ఉన్నాను. కానీ షాపులో రెండుసార్లు అడిగితే గానీ సరుకు ఇవ్వడం లేదు. గుళ్ళో ప్రసాదం పంచే పూజారి నా దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం పక్కవాళ్ళకి అందించేవాడు. మొదట పొగరనుకున్నాను.

ఒక మధ్యాహ్నం నీళ్ళ క్యాను మోసుకుని కల్లం దగ్గరికి వెళ్ళాను. తాటాకు పందిరి కింద ముఠా అంతా అన్నాలకి కూర్చుంది. నేను వాళ్ళ మధ్యలో నిలబడ్డాను.

"అమ్మగారు ఇంకా రాలేదేందే," అంది ఎలీసమ్మ, అన్నం కలుపుతూ. "గొంతులు ఎండిపోతన్నయ్."

"ఆమెకిప్పుడు మనమెక్కడ కనపడతాం? కారెక్కి తిరగతంది గదా."

"ఎలీసమ్మా," అన్నాను. ఎవరూ తలెత్తలేదు. క్యాను ఆమె పళ్ళెం పక్కన పెట్టాను. ఆమె దాన్ని చూసి, "అరె, ఇది ఇందాకట్నుంచి ఇక్కడే ఉందే, చూసుకోనే లేదు," అని గ్లాసు ముంచింది.

అప్పుడు భయమేసింది. మిట్టమధ్యాహ్నం, పదిహేను మంది మధ్యలో, అంత భయం నేనెప్పుడూ పడలేదు. నా నీడ చూసుకున్నాను. పాదాల కింద చిన్నగా ఉంది. అది ఉన్నందుకే దానికి దణ్ణం పెట్టుకోవాలనిపించింది.

ఆ సాయంత్రం, ఇంకా పొద్దు ఉండగానే, కారు వాకిట్లో ఆగింది. మా ఆయన దిగాడు. ముందు వైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చి ఎడమ తలుపు తీసి పట్టుకున్నాడు. "చూసి దిగు, సైలెన్సరు కాలుద్ది," అన్నాడు. కాసేపు ఆగి, తలుపు మెల్లగా వేశాడు. నేను గేటు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఏమండీ!"

ఆయన తిరిగాడు. నా వైపు కాదు, ఇంటి గుమ్మం వైపు. "వస్తన్నా, వస్తన్నా. నువ్వు కాళ్ళు కడుక్కో," అన్నాడు గుమ్మంతో, ఎంతో ప్రేమగా.

అరుగు మీద మా అత్తగారు కూర్చుని ఉంది. ఆమె చూపు కూడా గుమ్మం దాకా వెళ్ళింది. అయితే ఆమె కళ్ళు చికిలించింది, ముసలామెకి ఏదో తేడా తెలిసినట్టుంది. "ఒసేయ్ బిందూ," అంది గాలిలోకి, ఎవరితోనో తెలియనట్టు. "ఆ రోజు కొంగు చించావా, లేదా?"

జవాబు చెప్పినా ఆమెకి వినపడేది కాదు.

* * *

మర్నాడు కొడవలి తీసుకుని చేనుకి వెళ్ళాను. బొమ్మ గట్టు మీద రోడ్డు వైపు తిరిగి ఉంది. రెండు వారాల ఎండకి కుండ మీద సున్నం రాలిపోయింది, గడ్డి పీచులుగా ఊడిపోతోంది. చీర మాత్రం తళతళలాడుతోంది. చిరుగులు ఎక్కడున్నాయో వెతికినా కనపడలేదు. నేను నడుము దగ్గర లోపలికి దోపిన కొంగు ఇప్పుడు ఎడమ భుజం మీద ఉంది. నాలుగు మడతలు పెట్టి, మూడో మడత కింద పిన్ను. నేను పెట్టుకునే చోటే.

చేతులతో చించబోతే అంచు తెగలేదు. పళ్ళతో పట్టి లాగాను. చివరికి కొడవలితో కోసి, కోసిన చోటి నుంచి రెండు చేతులా లాగితే పర్రున చిరిగింది. ఎందుకో తెలియదు, ఏడుస్తూనే చించాను. ఇక ఇది మనిషిది కాదు, ఇక ఇది మనిషిది కాదు అని మూడు కాదు, ముప్ఫై సార్లు అని ఉంటాను. చించిన కొంగుని కల్లం అంచుకి తెచ్చి, అగ్గిపుల్ల గీసి కాల్చాను. కింద మిరప గింజలూ తొడిమలూ ఉన్నాయి, అవీ అంటుకున్నాయి. ఘాటు ఒక్కసారిగా లేచింది. ముఠా అంతా దగ్గుతూ, ముక్కులు మూసుకుంటూ లేచారు.

"ఏం పనమ్మా అది! కల్లంలో నిప్పు పెడతారా ఎవరన్నా?" అని ఎలీసమ్మ నా మొహం మీదకి వచ్చి అరిచింది. నా మొహం మీదకే. నన్నే చూస్తూ. "బుద్ధుందా నీకు?"

నేను ఆమెని వాటేసుకుని భోరుమన్నాను. ఎలీసమ్మ బిత్తరపోయి, నా వీపు నిమిరి, ఎండదెబ్బేమోనని నెత్తిన నీళ్ళు పోసింది.

* * *

ఆ ఆదివారం నేనే అడిగాను. "ఏమండీ, అమరావతి వెళ్ళొద్దామా? కారులో."

ఆయన వింతగా చూశాడు. "దానికి అడగాలా?" అన్నాడు.

సీటు నేలకి ఆనుకుని ఉన్నంత కిందికి ఉంది. కూర్చోగానే మోకాళ్ళు గెడ్డానికి తగిలాయి. బెల్టు నా కొలతకి సరిగ్గా సరిపోయింది, సర్దాల్సిన పని లేకుండా పోయింది. టీ కొట్టు దగ్గర పది మంది ఉన్నారు. "ఒదినా, దిగేటప్పుడు తాడు వెయ్యమంటావా?" అని ఒకడు అరిచాడు. అందరూ పగలబడి నవ్వారు. నన్ను చూసే నవ్వారు. ఆ నవ్వు కోసం నేను అప్పుడు ఏమిచ్చేదాన్నో చెప్పలేను. చెయ్యి ఊపాను. గాలికి జుట్టంతా మొహం మీద పడుతోంది, రోడ్డుకి రెండు పక్కలా పత్తి కట్టెలు, ఎర్రటి కల్లాలు. నా చోటు నాకు దక్కింది అనుకున్నాను. ఎంత సంతోషంగా ఉందో.

ఊరు దాటి అరగంటైంది. ఆయన ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఏం మాట్లాడాలో తెలియలేదు. కూలీల సంగతి ఒకటి తీశాను, ఊఁ అన్నాడు. కరెంటు సంగతి తీశాను. దానికి ఊఁ కూడా అనలేదు.

"ఏంటి బిందూ, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు చివరికి.

"బాగానే ఉంది. ఏం?"

"ఇన్నాళ్ళూ ఈ సీట్లో కూర్చుంటే నోరు మూసేదానివి కాదు. ఇవాళేంటి, పక్కన ఎవరో కొత్తవాళ్ళు కూర్చున్నట్టుంది."

నేను ఆయన వైపు తిరిగాను. ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు. మొహంలో వెలితి. మంచి స్నేహితులు ఊరెళ్ళిపోతే ఉండే వెలితి.

"బస్సు సంగతి చెప్పినందుకు సిగ్గుపడుతున్నావా?" అన్నాడు. "అలాంటిదేం పెట్టుకోకు. నాకు కోపం రాలేదని ఆ రోజే చెప్పాను కదా. పెళ్ళైన ఆరు నెలలకి పెట్టె సర్దుకుని, నన్ను వదిలేసి పోదామని బస్టాపు దాకా వెళ్ళావు. బస్సు రాలేదు. పొద్దుగూకేదాకా చూసి ఇంటికొచ్చి అన్నం వండావు. నేను ఆ అన్నమే తిన్నాను. ఇరవై ఏళ్ళు నీలో నువ్వే దాచుకున్నావు. నువ్వు అది చెప్పాక నాకు ఎంత నిమ్మళంగా ఉందో తెలుసా? నువ్వు ఇష్టపడి నాతో ఉండటంలేదేమో అని ఎప్పుడూ ఒక మూల అనుమానం ఉండేది. మరి ఆ తర్వాత రోజు ఎందుకు వెళ్ళలేదని అడిగితే నువ్వు చెప్పిన మాట ఉంది చూడు. ఆ ఒక్క మాట చాలు నాకు."

బస్సు సంగతి నిజం. నేను మా అమ్మకి చెప్పలేదు, దేవుడికి చెప్పలేదు. ఆ రోజు బస్టాపులో నేను తప్ప ఇంకో మనిషి లేదు. తర్వాత రోజు ఎందుకు వెళ్ళలేదో నాకే తెలియదు, ఇప్పటికీ తెలియదు. ఆ ఆకుపచ్చ చీరలో ఉన్న ఆమె మాత్రం తెలుసుకుని, ఈ సీట్లో కూర్చుని, ఆయనకి చెప్పి వెళ్ళింది.

ఏం చెప్పింది అని అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. అడిగితే ఆయన బండి ఆపి నా వైపు తిరిగి చూస్తాడు. అప్పుడు నేను ఎవరినో ఆయనకి తెలిసిపోతుంది.

"చెప్పావు కదూ?" అన్నాడు మళ్ళీ. గేరు మీద నుంచి చెయ్యి తీసి నా చేతి మీద వేశాడు.

"అవును," అన్నాను. "నేనే చెప్పాను."